నల్లజర్లలో దస్తావేజు రాసే గదిలో

కొల్లేటి చెరువులూ డెల్టా వరిచేలూ చూసిన కళ్లకు ఇక్కడ నేల తీరే వేరుగా ఉంటుంది. గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరు వెళ్లే జాతీయ రహదారి మీద ఉంది నల్లజర్ల. మెట్ట ప్రాంతం. బోరు నీళ్లు, పామాయిల్ తోటలు, కొబ్బరి నీడన కోకో. టీకొట్టు దగ్గర ఏ ఇద్దరు కూర్చున్నా ఎకరం ధర మాటే. నేల ధర పెరిగేకొద్దీ ఆ నేల ఎవరి పేరున ఉందో ఆ పెద్దవాళ్ల మీద ఒత్తిడీ పెరుగుతుంది. ఆ ఒత్తిడి కాగితం మీదికి ఎలా ఎక్కుతుందో చూడాలనే దస్తావేజులు రాసే ఒకాయన గదికి వెళ్లాను. "కూర్చోండి, కానీ ఎవరి పేర్లూ రాయొద్దండి" అన్నారాయన.

ముందుగా వచ్చింది డెబ్బై దాటిన దంపతులు, వెంట కొడుకు. నాలుగెకరాల పామాయిల్ తోట కొడుకు పేర దాన సెటిల్‌మెంటు చేయాలి. రైటరుగారు పాసుపుస్తకం తిరగేస్తూ ఒకే ప్రశ్న వేశారు.

"గెలల డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది బాబాయ్?"

"నా ఖాతాలోనే."

"రిజిస్ట్రేషనయ్యాక?"

పెద్దాయన భార్య వైపు చూశారు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

ఇక్కడే ఆగి చెప్పాలి. వీలునామా రాస్తే ఆస్తి రాసినవాళ్ల తదనంతరమే చేతులు మారుతుంది, బతికున్నన్నాళ్లూ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. సెటిల్‌మెంటు అలా కాదు. రిజిస్టరై అవతలివాళ్లు స్వీకరించారంటే హక్కు వెళ్లిపోయినట్టే, మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదు. ఈ రెండింటికీ మధ్య ఒక దారుంది. హక్కు కొడుక్కి ఇచ్చి, తామిద్దరూ జీవించి ఉన్నంతకాలం ఫలసాయం అనుభవించే హక్కు అట్టేపెట్టుకోవచ్చు. దానికితోడు, తమను పోషించాలన్న షరతు మీదే ఈ ఆస్తి ఇస్తున్నామని ఒక వాక్యం రాయించుకోవచ్చు.

రైటరుగారు ఆ వాక్యం చదివి వినిపించేసరికి పెద్దావిడ చీర కొంగు సర్దుకుంటూ, "కన్నకొడుకు దగ్గర షరతేంటి నాయనా, పదిమంది ఏమనుకుంటారు?" అన్నారు.

ఈ మొహమాటం నాకు అర్థమవుతుంది, దాని మీద గౌరవమూ ఉంది. కానీ ముసలితనంలో గుప్పెడు మందుల కోసం చెయ్యి చాచాల్సి వచ్చినవాళ్లలో ఎందరో ఈ మొహమాటం దగ్గరే ఓడిపోయారు. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక పిల్లలు పట్టించుకోకపోతే ఆ బదిలీని రద్దు చేయించుకునే హక్కు దాని 23వ సెక్షన్ ఇస్తుంది. అయితే షరతు ఎక్కడుంది అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో, షరతు ఉన్నట్టు రుజువు కానిదే ఈ సెక్షన్ వర్తించదని కోర్టు చెప్పింది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసు తీర్పు వచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఒక తల్లి కొడుక్కి ఆస్తి రాసిచ్చారు; చూసుకుంటానన్న మాట విడిగా ఒక కాగితం మీద ఉంది. ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా చదవాలంటూ కోర్టు ఆ దానాన్ని రద్దు చేసి, ఆస్తి తల్లికి తిరిగి అప్పగించమంది. సంతోషమే. కానీ ఆ తల్లి అందుకోసం సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. దస్తావేజులోనే ఒక వాక్యం ఉంటే ఆ దూరం చాలావరకు తగ్గుతుంది.

ఈ చట్టం కింద ఇక్కడివాళ్లు అర్జీ పెట్టుకోవాల్సింది కొవ్వూరు ఆర్డీవో దగ్గర. లాయరు లేకపోయినా పెట్టుకోవచ్చు. అప్పీలు కలెక్టరు దగ్గరికి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక నల్లజర్ల తూర్పు గోదావరిలోకి వెళ్లింది. ఏలూరు తిరగడం అలవాటైన పెద్దవాళ్లు ఇప్పుడు రాజమహేంద్రవరం వెళ్లాలి. నెలకు పదివేలు మించి భరణం ఇప్పించే వీలు ఆ చట్టంలో లేదు. మందుల ఖర్చు తెలిసినవాళ్లెవరికైనా అది ఎంత తక్కువో తెలుస్తుంది.

చివరికి ఆ ముడి విప్పింది కొడుకే. "రాయించుకోమ్మా, ఎలాగూ చూసుకునేవాణ్ని, రాస్తే నాకొచ్చే నష్టమేంటి?" అన్నాడు. అనుభవ హక్కు ఇద్దరి పేరా పడింది. ఒకరు పోయినా రెండోవారికి కొనసాగేలా రాయమని రైటరుగారే గుర్తుచేశారు.

ఎండ ముదిరాక ఒక తాతగారు వీలునామా కోసం వచ్చారు. సాక్షులుగా తన ఈడువాళ్లనే ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చారు. వీలునామాకు ఇద్దరు సాక్షులు తప్పనిసరి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రేపు ఎవరైనా కాదంటే కోర్టులో కనీసం ఒక సాక్షి చెప్పాలి. ఎనభై ఏళ్ల సాక్షులైతే ఆ రోజుకు ఎవరుంటారు? రైటరుగారు ఆ మాట ఎంతో నెమ్మదిగా చెప్పి, ఒకరి బదులు నలభై ఏళ్ల మనిషిని పిలిపించమన్నారు. బ్యాంకులో నామినీ పేరుందిగా అని తాతగారు అడిగారు. నామినీ డబ్బు అందుకునేవాడే తప్ప హక్కుదారు కాడని చెప్పాల్సి వచ్చింది.

తర్వాత పొలం లెక్క. కొంత పిత్రార్జితం, కొంత స్వార్జితం. పిత్రార్జితంలో తన వాటాకే వీలునామా చెల్లుతుంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు వాటా దేశమంతటా 2005లో వచ్చినా, ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ వల్ల మన దగ్గర అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. ఇన్నేళ్లయినా "కట్నమిచ్చాంగా" అన్న మాట మాత్రం ఈ గదిలో వినిపిస్తూనే ఉంది. తాతగారూ అదే అన్నారు. చిత్తులో ఇద్దరు కొడుకుల పేర్లే ఉన్నాయి.

"తర్వాత మార్చాలనిపిస్తే?" అని అడిగారు.

"ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు తాతగారూ, చివరిదే చెల్లుతుంది."

కాసేపు ఆలోచించి, స్వార్జితంలో అరెకరం కూతురి పేర కూడా రాయమన్నారు. రైటరుగారు సర్వే నంబరు అడిగి, చిత్తు కాగితం కొత్తది తీసుకున్నారు.