ఉత్ప్రేరకం – మా అన్న



సంచికకు ఏదైనా రాయమంటే మేము చదువుతున్న కెమిస్ట్రీ గురించే రాద్దామనుకున్నాం. ఆరు నుంచి పది దాకా లేపాక్షి హాస్టల్లో ఉన్నవాళ్లం, పరీక్షలప్పుడు బసవన్న దగ్గర కూర్చుని చదివినవాళ్లం. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసింది మేమే మొదలు.

ఉత్ప్రేరకం అంటే చర్య వేగాన్ని పెంచి, తాను ఖర్చు కాకుండా మిగిలేది అని అప్పుడు బట్టీ పట్టాం. ఎమ్మెస్సీలో సారు ఒకరోజు "మీ ఊళ్లో ఏం పండుతుంది?" అని అడిగారు. "శెనక్కాయ సార్, వానొస్తే" అన్నాం. క్లాసంతా నవ్వింది, ఆయన నవ్వలేదు. వేడి శెనగనూనెలో సన్నని నికెల్ పొడి కలిపి హైడ్రోజన్ పంపితే అది గట్టిపడి వనస్పతి అవుతుందనీ, చివర్లో నికెల్‌ను వడగట్టి తీస్తారనీ చెప్పారు. లోహపు పొడితో హైడ్రోజన్ కలిపే పద్ధతికి ఫ్రాన్స్ శాస్త్రవేత్త సబాటియేకు 1912లో నోబెల్ వచ్చింది. మా నాన్న మోసిన మూటకూ నోబెల్‌కూ చుట్టరికం ఉందని ఆ రోజే తెలిసింది.

ఆచార్య ఎం. లక్ష్మీకాంతం గారి గురించి చెప్పిందీ ఆ సారే. ఆమె కురుక్షేత్ర విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి, హైదరాబాదు ఐఐసీటీలో దశాబ్దాలు పరిశోధించి, 2013లో ఆ సంస్థకు తొలి మహిళా డైరెక్టర్ అయ్యారు. తర్వాత ముంబయిలో ఆచార్యురాలిగా పనిచేశారు. పల్లాడియం ఖరీదైన లోహం. ద్రావణంలో కరిగిపోతే మళ్లీ చేతికి రావడం కష్టం. మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొరల మీద పల్లాడియం నానో కణాలను నిలిపి, బి.ఎం. చౌదరి గారి బృందంతో కలిసి ఆమె చేసిన పని 2002లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో వచ్చింది. చౌకైనవే అయినా మొండికేసే క్లోరో సమ్మేళనాలు కూడా దానికి లొంగాయి. పని అయ్యాక వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు.

"ఎన్నిసార్లు సార్?" అని అడిగాం.

"పుస్తకంలో ఉన్నట్టు ఎప్పటికీ కాదు. కణాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. గంధకం తగిలితే చచ్చుబడతాయి. కొంత లోహం కారిపోతుంది. కనిపెట్టి చూసుకోవాలి" అన్నారు.

ఆ రాత్రి అన్న గుర్తొచ్చాడు. శెనక్కాయ ఎండిపోయిన ఏడు పదో తరగతి మధ్యలో మానేసి బెంగళూరుకు సెంట్రింగ్ పనికి పోయాడు. ఫీజు గడువు ఏనాడూ దాటనివ్వలేదు. మేము ఒక్కో తరగతి ఎక్కుతుంటే, అన్న ఎప్పటిలాగే ఉన్నాడనుకున్నాం. మొన్న పండక్కి వచ్చినప్పుడు చూస్తే, ఉట్టి మీది చెంబు అందుకోవడానికి కుడిచెయ్యి పైకి లేవలేదు.

"ఎప్పటి నుంచి అన్నా?"

"రెండేండ్లయింది. నీ చదువు కానీలే అని ఊరకున్నా."

మాకు పీహెచ్‌డీ చేయాలని ఉంది. జేఆర్ఎఫ్ వస్తే ఆ దారి, రాకుంటే హైదరాబాదులో మందుల కంపెనీ. ఏదైనా సరే, ముందు నీ భుజం చూపిద్దామన్నాం. "ముందు పరీక్ష రాయి" అన్నాడు. రాస్తాం. అంతకంటే ముందు, ఈ సోమవారమే హిందూపురంలో డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం.

తమ్ముళ్లూ, పరీక్షలో నిర్వచనం పుస్తకంలో ఉన్నట్టే రాయండి, మార్కులొస్తాయి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మాత్రం, మీ చదువు కోసం అక్కడ ఎవరు అరిగిపోతున్నారో ఒక్కసారి చూడండి.