బారూకు రెండోసారి రాశాడు



పోయిన వారం నా తొందరపాటు వల్ల జరిగిన ఒక నష్టం మీతో చెప్పుకోవాలి.

మా నాన్నగారు ఉద్దానం పల్లెల్లో సైకిలు మీద తిరిగి వాక్యం చెప్పిన సేవకుడు. ఆయన ప్రసంగాల నోటుపుస్తకాలు 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు తడిసి ముద్దయ్యాయి. అక్షరం ఆనినంత మేరకు మా అమ్మాయి కంప్యూటర్లో టైపు చేసింది. మొత్తం 40 ప్రసంగాలు. ఈమధ్య నా చేతికి ఒక ఈ-రీడర్ వచ్చింది. కళ్లకు శ్రమ లేదు, ఒకసారి చార్జింగ్ పెడితే వారాలు వస్తుంది, మధ్యలో ఫోను మోగదు. నాన్నగారి ప్రసంగాలు అందులో చదువుకోవాలని ఆశపడ్డాను.

కేబుల్ కలిపితే ఈ-రీడర్ కంప్యూటర్లో పెన్‌డ్రైవ్‌లా కనిపించింది. ఫైలును కాపీ చేయాల్సింది పోయి, కట్ చేసి అందులో పేస్ట్ చేశాను. కూడికకు వేళైపోతోందని ఎజెక్ట్ కొట్టకుండానే వైరు లాగేశాను. రాత్రి చూస్తే ఆ ఫైలు తెరుచుకోలేదు. కంప్యూటర్లోనూ లేదు. మా అమ్మాయి పాత మెయిళ్లు వెతికితే 28 ప్రసంగాలు దొరికాయి. 12 పోయాయి.

నిద్ర పట్టక యిర్మీయా 36వ అధ్యాయం తెరిచాను. యెహోయాకీము రాజు ప్రవక్త గ్రంథాన్ని ముక్కలుగా కోసి కుంపట్లో వేశాడు. దేవుడు మళ్లీ రాయమన్నాడు. యిర్మీయా చెబుతుంటే బారూకు రెండోసారి రాశాడు. పాత మాటలన్నీ తిరిగి వచ్చాయి, కొత్తవీ చేరాయి. మన భాషకూ అలాంటి కథే ఉంది. 1812 మార్చిలో సీరాంపూర్ అచ్చుశాల తగలబడినప్పుడు విలియం కేరీ గారి తెలుగు వ్యాకరణం రాతప్రతి కాలిపోయింది. ఆయన మళ్లీ రాశారు. 1814లో అది అచ్చయింది.

మంగళవారం గృహ ప్రార్థనలో ఈ సంగతి చెప్పాను. చదువు రాని ఒక ముసలితల్లి, "అయ్యగారూ, పోయిన నాణెం గురించి పెద్దయ్యగారు మా జీడితోటలో చెప్పారు. నాకు గేపకం ఉంది" అంది. మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. అది పోయిన 12లో ఒకటి! నా యంత్రం పోగొట్టిన వాక్యం ఆమె గుండెలో భద్రంగా ఉంది.

బిడ్డలారా, మీ ఫైళ్లను కట్ చేయకండి, కాపీ చేయండి. ఎజెక్ట్ కొట్టాకే వైరు తీయండి. ఇంకొక కాపీ వేరే ఇంట్లోనో మెయిల్లోనో ఉంచండి. అన్నిటికంటే ముందు, విన్న వాక్యాన్ని హృదయంలో ఉంచుకోండి.

ఇంకా 11 ప్రసంగాలు దొరకాలి. నాన్నగారి మాట ఒక్కటి గుర్తున్నా ఇంటికి వచ్చి చెప్పండి. బారూకులా నేను రాసుకుంటాను.

ప్రభువు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.