డబ్బిచ్చి కొనుక్కునే భయం

ముంబయి-పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద ఖోపోలి దగ్గర పక్కకు తిరిగి పాలీ రోడ్డు పట్టుకుంటే సహ్యాద్రి కొండల ముందు ఆకాశంలోకి లేచిన ఇనుప పట్టాలు కనిపిస్తాయి. వాటి వెంట గాలిలో తేలి వచ్చే కేకలూ వినిపిస్తాయి. అదే ఇమాజికా. సినిమా రీళ్ల ల్యాబ్‌తో వ్యాపారం మొదలుపెట్టిన మన్మోహన్ శెట్టి 2013లో తెరిచిన థీమ్‌పార్కు. 2022లో మల్పానీ గ్రూపు చేతికి వెళ్లింది.

తిరునాళ్లలో రంగులరాట్నం, నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కి పెరిగిన తెలుగువారికి ఇక్కడి నైట్రో వేరే లోకం. ఎత్తు దాదాపు 40 మీటర్లు. తలకిందులయ్యే మలుపులు ఐదు. స్విట్జర్లాండ్‌కు చెందిన బొలిగర్ అండ్ మాబిలార్డ్ సంస్థ తయారీ. బండికి అడుగు ఉండదు. రైలు కదిలే ముందు కాళ్ల కింది పలక తప్పుకుంటుంది, పాదాలు గాలిలో వేలాడతాయి. చెప్పులు, కళ్లద్దాలు, సెల్‌ఫోన్లు ముందే దాచుకోవాలి.

విచిత్రమేమిటంటే, ఇంత వేగానికీ ఇంజిన్ లేదు. గొలుసు బండిని మొదటి శిఖరం దాకా లాగి వదిలేస్తుంది. మిగతాదంతా భూమ్యాకర్షణ పనే. ముందు వరసలో కూర్చుంటే దృశ్యం, చివరి వరసలో కూర్చుంటే కుదుపు. ముందున్న బరువు కిందికి లాగుతుంటే వెనకవాళ్లు శిఖరం మీంచి విసురుగా జారతారు. మొదటిసారి ఎక్కేవారు గోల్డ్ రష్ ఎక్స్‌ప్రెస్‌తో మొదలుపెట్టి, చీకట్లో దూసుకెళ్లే డీప్ స్పేస్ మీదుగా నైట్రోకు రావడం మేలు. భోజనం అన్నీ అయ్యాకే. వానాకాలంలో కొండలు పచ్చగా కళకళలాడతాయి కానీ జోరువాన, ఉరుములు వస్తే ఇలాంటి ఆరుబయటి రైడ్లు ఆపేస్తారు.

ఇంతకూ జనం ఇక్కడ కొనుక్కునేది భయం ఒక్కటే కాదు, ఏమీ కాదన్న భరోసా కూడా. ఆ భరోసా అన్నిచోట్లా దొరకడం లేదు. అహ్మదాబాద్ కాంకరియా సరస్సు దగ్గర 2019 జూలైలో ఊగే రైడ్ ఒకటి విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఢిల్లీలోని ఓ పార్కులో 2025 ఏప్రిల్‌లో రోలర్ కోస్టర్ మీంచి పడి 24 ఏళ్ల యువతి మరణించింది. పెళ్లి కోసం ఎదురుచూస్తున్న అమ్మాయి, కాబోయే భర్తతో కలిసి వెళ్లింది.

పెద్ద కోస్టర్లలో పట్టాలను భాగాలుగా విడగొడతారు. ఒక భాగంలో ఒక రైలు ఉండగా రెండోది అడుగుపెట్టకుండా బ్రేకులు ఆపేస్తాయి. పొద్దున్నే ఖాళీ బండ్లను తిప్పి చూస్తారు. ప్రయాణికుడు చూడగలిగినవీ ఉన్నాయి. భుజాల మీద దిగే కడ్డీని సిబ్బంది ప్రతి సీటు దగ్గరా చేత్తో లాగి చూస్తున్నారా? ఎత్తు కొలిచే కర్ర దగ్గర బతిమాలే నాన్నకు 'కుదరదు సార్' అనే సమాధానమే వస్తోందా?

రవిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లాలోనూ రికాయిల్ అనే కోస్టర్ ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి తిప్పుతుంది. హైదరాబాద్ కుర్రకారుకు ఇప్పుడు కేకలు వేయడానికి మహారాష్ట్ర దాకా వెళ్లక్కర్లేదు. ఎక్కడికి వెళ్లినా, పిల్లాడు అంగుళం పొట్టి అయ్యాడని వెనక్కి పంపిన పార్కును తిట్టుకోవద్దు. టికెట్ డబ్బుకు అసలైన విలువ అక్కడే దక్కింది.