డియర్‌బోర్న్: పికప్ ట్రక్కుల ఊరు, అజాన్ వినిపించే వీధి

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ నగరాన్ని ఆనుకొని డియర్‌బోర్న్ అనే పట్టణం ఉంది. లోకం దీనిని ఫోర్డ్ కంపెనీ కేంద్ర కార్యాలయం ఉన్న ఊరుగా ఎరుగును. అమెరికా ముస్లింలకు మాత్రం ఈ పేరు మరోవిధంగా ఆత్మీయం. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనంలో సగానికి పైగా అరబ్బు మూలాలు కలవారు. దుకాణాల బోర్డులపై ఆంగ్లం పక్కనే అరబీ లిపి కనిపిస్తుంది. రొట్టెల బట్టీలు, హలాల్ మాంసం అంగళ్లు, మసీదులు ఇక్కడి నిత్యజీవితంలో భాగాలు.

ఈ రెండు పరిచయాలకు మూలం ఒక్కటే: మోటారు బండ్ల కర్మాగారం. 1914లో హెన్రీ ఫోర్డ్ తన కార్మికులకు రోజుకు అయిదు డాలర్ల వేతన పథకం ప్రకటించాడు. ఆ వార్త విని నాటి సిరియా, లెబనాన్ ప్రాంతాల నుండి వలస వచ్చినవారు ఎందరో హైలాండ్ పార్క్ కర్మాగారంలో చేరారు. 1921లో ఆ కర్మాగారం సమీపంలోనే ఒక మసీదు వెలిసింది. అమెరికాలో మసీదుగానే ఉద్దేశించి కట్టిన తొలి భవనాలలో అది ఒకటి. తరువాత ఫోర్డ్ పని రూజ్ నది ఒడ్డున ఉన్న మహా కర్మాగారానికి తరలగా, కార్మికులు కూడా దాని గోడల పక్కనే ఉన్న సౌత్ ఎండ్ పేటకు చేరారు. ఒకప్పుడు రూజ్‌లో లక్ష మందికి పైగా పనిచేసేవారు. ఇనుప ఖనిజం ఒక వైపు నుండి లోపలికి వెళితే, మరో వైపు నుండి తయారైన బండి బయటికి వచ్చేది.

నేటి యాత్రికుడు హెన్రీ ఫోర్డ్ మ్యూజియం నుండి బస్సెక్కి రూజ్ చూడవచ్చు. ఎత్తున కట్టిన నడకదారిలో నిలబడితే, కింద ఎఫ్-150 పికప్ ట్రక్కులు ఒకదాని వెనుక ఒకటి కదులుతూ సిద్ధమవుతుంటాయి. ముందు మనుషులు కూర్చునే గది, వెనుక సరకులు వేసే తెరిచిన తొట్టి: ఇదే పికప్. ఫోర్డ్ సంస్థ 1925లో మోడల్ టీ బండికి ఇటువంటి తొట్టిని కర్మాగారంలోనే అమర్చి 281 డాలర్లకు అమ్మింది. రైతు, వడ్రంగి, తాపీ పనివాడు, చిన్న వ్యాపారి దీనితోనే బతుకు ఈడ్చారు. 1948 మోడల్‌గా ఎఫ్ శ్రేణి, 1953లో ఎఫ్-100 వచ్చాయి.

ఈ ప్రాంతానికి మరో చిన్న పరిశ్రమతోనూ సంబంధం ఉంది. 1948లో వెస్ట్ గాలోగ్లీ అనే న్యాయవాది ఇక్కడ ఏఎంటీ అనే సంస్థను ప్రారంభించాడు. కార్ల అమ్మకందార్లు కొనుగోలుదార్లకు చూపించేందుకు వీలుగా కొత్త కార్ల చిన్న నమూనాలను అది తయారుచేసేది. తొలినాళ్లలో వాడిన ఒక రకం ప్లాస్టిక్ కాలక్రమాన వంకర తిరిగేది. తరువాత స్టైరీన్ వచ్చింది. 1958లో ఆ సంస్థ విడిభాగాల పెట్టెలను విపణిలో ప్రవేశపెట్టింది. ఒకే పెట్టెలోని భాగాలతో బండిని అసలు రూపంలోనో, అలంకరించిన రూపంలోనో, పందెపు బండిగానో కూర్చుకోవచ్చు. పాత ఫోర్డ్, షెవర్లే పికప్‌లు నేటికీ ఇట్టి పెట్టెలలో లభిస్తున్నాయి.

వీటిలో ఎక్కువ భాగం అసలు బండిలో 25వ వంతు. 1953 నాటి ఎఫ్-100 ముందు, వెనుక ఇరుసుల నడుమ దూరం 110 అంగుళాలు. నమూనాలో అది 4.4 అంగుళాలు. చట్రానికి అంటుకొని ఉన్న భాగాలను జాగ్రత్తగా కత్తిరించి, అంచులను గరుకు కాగితంతో సాపు చేయాలి. ప్లాస్టిక్ జిగురు రెండు అంచులను కాస్త కరిగించి ఏకం చేస్తుంది. కనుక తప్పుగా అతికినది ఊడదీయడం కష్టం. ఆపై ప్రైమరు, పలుచని రంగు పూతలు.

అసలైన పరీక్ష మార్పులు చేయడంలో ఉంది. 1956 ఎఫ్-100 ముందు అద్దం పక్కలకు చుట్టుకొని ఉంటుంది, దాని స్తంభాలు దాదాపు నిటారుగా నిలుస్తాయి. 1953 నమూనాను 1956గా మార్చదలచినవారు పైకప్పు స్తంభాలను కోసి, స్టైరీన్ రేకుతో కొత్తవి కట్టాలి. పాత తొట్టెల అడుగున చెక్క పలకలుండేవి. సన్నని చెక్క పేళ్లతో వాటిని పరచవచ్చు. తుప్పు రంగు వేసి, దానిపై జుట్టుకు కొట్టే స్ప్రే పూసి, ఆపై బండి రంగు వేసి, తడి కుంచెతో రుద్దితే రంగు అక్కడక్కడ పెచ్చులూడి ఏళ్ల తరబడి బరువులు మోసిన బండి కనిపిస్తుంది.

నిగనిగలాడే కొత్త బండి కంటే ఈ సొట్టల బండి సౌత్ ఎండ్ చరిత్రకు దగ్గర. రూజ్ పొగ, మసి ఆ పేట ఇళ్లపై దశాబ్దాల పాటు పడ్డాయి. 1960లలో నగరపాలకులు ఇళ్లను తొలగించి ఆ నేలను పరిశ్రమలకు ఇవ్వాలని పూనుకున్నారు. నివాసులు సంఘటితమై న్యాయస్థానానికి వెళ్లారు. 1973లో ఫెడరల్ న్యాయస్థానం నగరం అనుసరించిన పద్ధతులను తప్పుపట్టింది. పేట నిలిచింది. 1930లలో కార్మికులు పునాది వేసిన డిక్స్ వీధి మసీదు నేడు విస్తరించి ఉంది. దాని అజాన్ కర్మాగారపు ఛాయలో, యెమెనీ కుటుంబాలు నివసించే ఆ వీధుల్లో వినిపిస్తుంది. మ్యూజియంలో యంత్రాలు భద్రంగా ఉన్నాయి; వాటిని నడిపిన చేతుల జ్ఞాపకం ఈ వీధుల్లో ఉంది.

నమూనాలు కూర్చడం వ్యర్థ కాలక్షేపమని కొందరు భావించవచ్చు. ప్రాణుల ప్రతిమల విషయంలో ధర్మవేత్తల అభ్యంతరాలు తెలిసినవే. ప్రాణం లేని వాహనానికి ఆ చిక్కు లేదు, డ్రైవరు బొమ్మ పెట్టకుంటే సరిపోతుంది. దుబారాకు, నమాజు వేళ దాటిపోవడానికి తావివ్వరాదన్నది హద్దు. దావూద్ (అలైహిస్సలాం) కవచాలు చేసిన వృత్తాంతంలో కడియల కొలత సరిగా ఉండాలన్న ఆదేశం ఉన్నదని మనకు తెలుసు. చేతిపనిలో కొలత పాటించడం కూడా ధర్మమేనని దాని నుండి గ్రహించవచ్చు.

పిల్లలతో కలిసి ఈ పని చేయదలచిన తల్లిదండ్రులు కిటికీలు తెరిచి ఉంచాలి, కత్తి పెద్దల చేతిలోనే ఉండాలి. జిగురు ఆరే వ్యవధిలో ఆ బండి ఎవరి కోసం తయారైందో, ఎవరు తయారుచేశారో చెప్పండి. మన ఇళ్లలోనూ లారీ నడిపిన తాతలు, గల్ఫ్‌లో చెమటోడ్చిన మామలు, చిన్నాన్నలు ఉన్నారు. వారి బండి ఎలా ఉండేదో పిల్లలు వారినే అడిగి తెలుసుకోనివ్వండి. అడిగేందుకు వారు మన మధ్య ఉన్నప్పుడే ఆ పని జరగాలి.