ముల్లు తీసిన నిమ్మ

సూరత్ జిల్లా పల్సానాలో మేము అద్దెకున్న ఇంటి పెరటిలో ఒక నిమ్మమొక్క ఉండేది. మా అమ్మ చివరిసారిగా ఊరగాయ పెట్టిన కాయల గింజలను మా ఆవిడ తెనాలి నుండి తెచ్చి నాటగా మొలచినది అది. మూడేళ్లకు నడుమెత్తు పెరిగింది. కాపు లేదు గాని, కణుపు కణుపునా ముల్లు మాత్రం ఉండేది.

ఒకనాడు మనుమడి అరచేతిలో ముల్లు దిగింది. ఆ కోపంలో కత్తెర పుచ్చుకొని, ఒక్కటీ మిగలకుండా ముళ్ళన్నీ తుంచివేశాను. నాలుగు రోజులైనా కాలేదు; గేటు తీసి ఉండగా మేకలు చొరబడ్డాయి. మూరెడు మోడు మిగిలింది. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు బాధ కలిగించింది.

మగ్గాల పని మీద వచ్చి ఇక్కడే స్థిరపడిన కరీంనగర్ పెద్దాయన ఒకరు మా పొరుగున ఉండేవారు. ఆయన మోడును చూసి, "ముండ్లు నువ్వే తీస్తివా సారూ? మరి మేకకు అడ్డమేముంటది?" అన్నారు.

ఆ మాట నన్ను పుస్తకాల వైపు నడిపించింది. మనం ముల్లు అని ఒకే పేరుతో పిలిచేవి పుట్టుకలో ఒకటి కావు. గులాబీ ముల్లు కేవలం బెరడుపై లేచిన మొన. అందుకే వేలితో నెడితే ఊడి వస్తుంది. నాగజెముడు ముల్లు ఆకు యొక్క మారురూపం. నిమ్మ ముల్లు కొమ్మ కావలసిన మొగ్గ. ముళ్ళపంది ముళ్ళు గట్టిపడిన వెంట్రుకలు. అది వాటిని బాణాలవలె విసురుతుందని చిన్నప్పుడు విన్నాము గాని, నిజానికి వెనుదిరిగి శత్రువు మీదికి వెనుకకే దూసుకుపోతుంది.

ముల్లు పెంచడం మొక్కకు ఖర్చుతో కూడిన పని. ఆఫ్రికా తుమ్మజాతి చెట్లలో జంతువులు మేయకుండా కాపాడిన కొమ్మలకు ముళ్ళు పొట్టివైనట్లు పరిశోధకులు గమనించారు. గింజ నుండి మొలచిన నిమ్మకు లేత వయసులో ముళ్ళు మెండు, ముదిరేకొద్దీ తగ్గుతాయి. సరిగ్గా అవసరమైన వయసులోనే నేను వాటిని తీసివేశాను!

అయినా ముల్లు పెద్ద నోళ్లకే అడ్డు. దక్షిణ భారతంలో పొలాలను ఆక్రమించిన నాగజెముడును అణచడానికి 1926లో సింహళం నుండి ఒక చిన్న పురుగును తెప్పించారు. అది ముళ్ళ సందున కూర్చుండి, రసం పీల్చి, పొదలకు పొదలనే ఎండగట్టింది.

తొలకరి పడ్డాక మోడు అడుగున మూడు చిగుళ్లు లేచాయి. శ్రావణం నాటికి ఒక్కొక్క రెమ్మకు అంగుళం పొడవున ముళ్ళు! మనుమడిని దూరంగా నిలబెట్టి చూపించాను. కత్తెరను మాత్రం మా ఆవిడ ఎక్కడో దాచింది. నేను అడగనూ లేదు.