డీబీ తలుపు వెనకాల కాగితం (పనిలో మనం – 14)

పాశమైలారంలనో బొల్లారంలనో ఏ కంపెనీకైనా పోయి కరెంటు డీబీ తలుపు తెరిచి చూడండి. లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉండాలె. ఒకటో నంబరు బ్రేకర్ ఏ లైట్లకు, రెండోది ఏ మోటారుకు, ఎన్ని ఆంపియర్లు, ఏ ఫేజు అని దాంట్ల రాసి ఉండాలె. ఇంజనీర్లు దాన్ని ప్యానెల్ షెడ్యూల్ అంటరు. చాలా చోట్ల ఆ కాగితమే ఉండదు. ఉన్నకాడ కూడా రాసింది ఒకటుంటది, వైరు పోయేది ఇంకోకాడికి.

అది లేకపోతే ఏసీ రూముల కూసున్న మేనేజర్‌కు ఏం కాదు. నిచ్చెనెక్కి వైరు పట్టుకునే మనిషికి అయితది. ఆ నిచ్చెన మీద ఎవరుంటరో ఈ బెల్టుల తిరిగినోళ్లకు తెలుసు. ఐటీఐ సర్టిఫికెట్ పట్టుకొని కాంట్రాక్టర్ కింద చేరిన మన వాడల పిల్లలు, ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన అన్నదమ్ములు.

ఐటీఐ అయినంక నేను రెండేండ్లు ఒక కంపెనీల కాంట్రాక్టు హెల్పర్‌గ చేసిన. అక్కడ షెడ్యూల్ అంటే గొంతే. కిందున్నోడు ఒక ఎంసీబీ దించి "పోయిందా?" అని అరుస్తడు. పైనున్నోడు "పోలే, ఇంకోటి చూడు" అంటడు. ఒకనాడు లైటు ఆరింది కదా అని నా జోడీదారు పెట్టె విప్పిండు. అదే పెట్టెలకెళ్లి పోతున్న ఇంకో వైరు వేరే బ్రేకర్‌ది. చెయ్యి కాలింది, పానం దక్కింది. రిజిస్టర్ల మాత్రం "కార్మికుని అజాగ్రత్త" అని రాసిండ్రు.

ఇప్పుడు నేను రెవిట్ సాఫ్ట్‌వేర్ మీద అవే కాగితాలు తయారు చేస్తున్న. ఆదివారాలు సంగారెడ్డిల మన పిల్లలకు నేర్పుతున్న. వాళ్లు మొదలు అడిగేది ఇదే: "అన్నా, ప్యానెల్ పెట్టిన, లైట్లు పెట్టిన, కలుపుదామంటే లిస్టుల ప్యానెల్ పేరే కనబడ్తలే."

కారణం చిన్నదే. అమెరికా టెంప్లేట్ తెరిస్తే దాంట్ల 120, 208, 277, 480 లాంటి వోల్టులుంటయి. మన లెక్క 240, 415. ముందు ఎలక్ట్రికల్ సెట్టింగ్స్‌ల ఈ రెండు వోల్టేజీలు ఉన్నయా చూసి, లేనిది రాయాలె. తర్వాత త్రీ ఫేజ్, నాలుగు వైర్ల స్టార్ పద్ధతిల డిస్ట్రిబ్యూషన్ సిస్టమ్ తయారు చేసి ప్యానెల్‌కు ఇయ్యాలె. లైటుకు కూడా 240 ఉండాలె. అప్పటిదాక ప్యానెల్ గోడ మీద ఉంటది గని లిస్టుల ఉండదు. ఊళ్లె ఉండి ఊరి లెక్కల లేనట్టు. ఈ మాట చెప్పంగనే పిల్లలు నవ్వుతరు, ఇగ మర్చిపోరు.

ఇంకో మూడు సంగతులు. ఏ, బీ, సీ అనే ఫేజు పేర్లను మన ఆర్, వై, బీ కింద మార్చుకోండి, సైటు మీద అందరికీ తెలిసింది అదే. స్పేర్ అంటే బ్రేకర్ ఉంది, లోడు లేదు. స్పేస్ అంటే ఉత్త ఖాళీ, బ్రేకర్ కూడా లేదు. రెండిటికీ ఖర్చుల తేడా ఉంటది. మూడోది అసలుది. లోడు మూడు ఫేజుల మీద సమానం చేసే రీబ్యాలెన్స్ బటన్ నొక్కితే సర్క్యూట్లు స్క్రీన్ మీద చోటు మారుతయి. సైటుల వైరు మారదు. డ్రాయింగ్ సైటుకు పోయినంక దాన్ని ముట్టొద్దు. తప్పదంటే వైరు కూడా మార్చాలె, కొత్త కాగితం ఆ తలుపు దాక చేరాలె.

అంబేడ్కర్‌ను రాజ్యాంగం కాడ ఆపేస్తరు గని, వైస్రాయ్ కౌన్సిల్ల లేబర్ మెంబర్‌గ ఆయన చూసినదాంట్ల కరెంటు కూడా ఉంది. 1943 అక్టోబర్ 25న విద్యుత్ విధాన కమిటీల కూసొని, కరెంటు చౌకగ, పుష్కలంగ అందాలని వాదించిండు. పేదరికం పోవాలంటే పరిశ్రమ రావాలె, పరిశ్రమకు కరెంటు కావాలె అన్నది ఆయన లెక్క. 1944ల సెంట్రల్ టెక్నికల్ పవర్ బోర్డు వచ్చింది. కార్మికుల శాఖ, కరెంటు ఒక్క మనిషి చేతుల ఉన్న కాలమది.

2025 జూన్ 30న పాశమైలారం సిగాచి పేలుడుల 40 మందికి పైగా కార్మికులు పోయిండ్రు. దానికి కారణం కరెంటు అని నేను అంటలేను. ఎవరి శరీరం ఎవరిదో తేల్చుటానికి డీఎన్ఏ పరీక్షలు చెయ్యాల్సి వచ్చింది. ఇంటోళ్లు ఎదురుచూసిండ్రు. నేను తయారు చేసే కాగితంల ఒక్క ట్యూబ్‌లైటుకు కూడా నంబరు, జాగ, లోడు ఉంటయి. కాంట్రాక్టు కూలీకి కూడా అట్ల ఒక లెక్క ఉండాలె గదా. ఏ షిఫ్టుల ఎవరు, ఏ బ్లాకుల, ఎవరి కింద?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, పనిల చేరిన మొదటి రోజు రెండు కాగితాలు అడగండి. డీబీ షెడ్యూల్ ఒకటి, మీ పేరున్న హాజరు పట్టీ ఒకటి. షెడ్యూల్ ఉన్నా సరే, టెస్టర్ పెట్టి చూడకుండ వైరు ముట్టకండి.

జై భీమ్.