సింగూరు గట్టు మీద సీప్లేన్ ముచ్చట

జహీరాబాదు వాళ్ళకి విమానాలు కొత్త కాదు. పక్కనే బీదరు వైమానిక స్థావరం. మిద్దె మీద వడియాలు పెడుతుంటే శిక్షణ విమానాలు నెత్తి మీదుగా పోతుంటాయి. నాకు దిగులు పట్టుకున్నది మాత్రం మా అమ్మాయి, అల్లుడు మాల్దీవులకు టిక్కెట్లు కొన్నాకే. అక్కడ వాళ్ళు దిగే దీవికి సీప్లేన్‌లో పోవాలట! 2025 జనవరి 7న ఆస్ట్రేలియాలో రాట్‌నెస్ట్ దీవి దగ్గర ఏడుగురితో నీళ్ళ మీంచి లేవబోయిన సీప్లేన్ కూలి ముగ్గురు పోయారని చదివాను. ఇక నిద్రెక్కడిది?

నా గోల పడలేక మావారు ఓ ఆదివారం సింగూరు డ్యామ్‌కి బయల్దేరదీశారు. జొన్నరొట్టెలు, వంకాయకూర, పల్లీల కారం మూటగట్టాను. వైమానిక దళంలో చేసి రిటైరైన మా మరిది కూడా వచ్చాడు. మంజీర మీద కట్టిన ఈ జలాశయంలో దాదాపు 30 టీఎంసీల నీళ్ళు పడతాయి. హైదరాబాదు కుళాయిలకీ ఇక్కణ్ణుంచి నీళ్ళు వెళ్తాయి. గట్టెక్కి చూస్తే ఆవలి ఒడ్డు కనిపించీ కనిపించనట్టుంది.

"చూడు వదినా, నీళ్ళు అద్దం లెక్క ఉన్నయి గద, పైలట్‌కు గిదే తంటా" అన్నాడు మరిది. నేనేమో అలలుంటేనే ప్రమాదం అనుకుంటున్నాను. నీళ్ళు మరీ నిలకడగా ఉంటే విమానం కింద ఉండే పడవల్లాంటి కాళ్ళను పట్టుకుని వదలవట. తడి గట్టు మీద స్టీలు పళ్ళెం కరుచుకోదూ, అలాగన్నమాట. దిగేటప్పుడేమో నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో కంటికి అందదు. ఇక వేగం పుంజుకున్నాక దుంగ తగిలినా, పక్కన పోయే పడవ లేపిన అల కొట్టినా బోర్లా పడొచ్చు. మామూలు రన్‌వేని ముందే ఊడ్చి పెడతారు, నీళ్ళను ఊడ్చేదెవరు?

అన్నిటికన్నా నన్ను వణికించింది ఇంకోటి. దెబ్బలు తగలనివాళ్ళు కూడా తలకిందులైన విమానంలో తలుపెటో తెలియక మునిగిపోతారట. లైఫ్ జాకెట్ లోపలే ఊదుకోకూడదు, అది పైకి తేల్చి తలుపు దగ్గరికి పోనివ్వదు. 1996లో కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో పడిన ఇథియోపియా విమానంలో చాలామంది అలాగే చిక్కుకుపోయారు. బయటపడే దారిని చేత్తో పట్టుకున్నాకే బెల్టు విప్పాలట.

2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు శ్రీశైలానికి ప్రయోగాత్మకంగా వెళ్ళింది కూడా సీప్లేన్‌లోనే. "మాల్దీవుల్లో తిరిగేవి కూడా ఎక్కువగా ఆ ట్విన్ ఆటర్ రకమే, రోజూ ఎగురుతయి" అని మరిది ధైర్యం చెప్పాడు. రొట్టెలు మాత్రం సగం మిగిలిపోయాయి.

విన్నదంతా ఆ రాత్రే ఫోన్‌లో అమ్మాయికి ఒప్పజెప్పాను. "నువ్వు గిట్ల భయపడితే ఎట్లమ్మా" అని నవ్వింది. ప్రయాణం రోజు ఫోన్ చేసి తనే చెప్పింది: "అమ్మా, తలుపు మా వెనక రెండు వరసల అవతల, ఎడమ చేతి దిక్కు. లెక్కపెట్టిన."